తెలియదని సంతకం

ఆ టైలరు షాపులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ కాజాలక్కే. చొక్కాలకూ కోట్లకూ గుండీ దూరే కాజాలు చేత్తో కుట్టడం ఆమె పని. కాజాలు కుట్టే మిషను వచ్చి చాలా కాలమైంది, ఆ షాపులోనూ ఒకటుంది. అయినా మంచి కోటు కుట్టించుకునేవాళ్లు "చేతి కాజాలే వెయ్యండి" అని మరీ మరీ చెప్పి పోతారు. అలా చెప్పేవాళ్లున్నన్నాళ్లూ తలుపు పక్కన, వెలుతురు పడే చోట, ఆమె కుర్చీకి ఢోకా లేదు.

నోట్లో నాలుక లేని మనిషి అనుకునేరు, అదేం కాదు. కోపమొస్తే కత్తెర బల్ల మీద పెట్టే చప్పుడులోనే చెప్పవలసిందంతా చెప్పేస్తుంది. కాకపోతే ఒక ఊతపదం ఉంది: "నాకేం తెలుసు." వాన వచ్చేలా ఉందా అని అడిగినా అదే, ఫలానా గొడవలో తప్పెవరిదని అడిగినా అదే. పదో తరగతి మంచి మార్కులతో పాసైన ఏడే తల్లి మంచం పట్టింది. ఇంటికి పెద్దపిల్ల ఆమే. తల్లి లేచి తిరిగేసరికి మూడేళ్లు పట్టింది, ఈలోగా చేతికి సూది అలవాటైపోయింది. ఆ సర్టిఫికెట్టు ఇప్పటికీ రేకుపెట్టె అడుగున ఉంది. చదువుకున్నవాళ్ల మధ్య నోరు విప్పాల్సి వస్తే ఆ ఊతపదాన్ని ముందే అడ్డం పెట్టుకునేది. ఎవరో పొమ్మనే దాకా ఎందుకు, మనమే తప్పుకుంటే పోలేదా అన్నట్టు.

కటింగ్ మాస్టారు ఇందుకు సరిగ్గా ఎదురు. ఆయనకు తెలియనిదంటూ ఈ భూమ్మీద లేదు. పొద్దున ఫోనులో వచ్చిన మెసేజీ మధ్యాహ్నానికల్లా ఆయన సొంత అనుభవమైపోతుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, షాపులో వినేది కాజాలక్క ఒక్కతే.

ఒకరోజు పొద్దున ఎదురుగా ఉన్న కాలేజీ నుంచి సూపరింటెండెంటు రొప్పుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చూపులేని ఒకావిడ పరీక్ష రాయాలి. ఆవిడ చెబుతుంటే రాసిపెట్టాల్సిన మనిషి రాలేదు. ఇంకో అరగంటలో గంట కొడతారు.

"పదో తరగతి పాసై, చేతిరాత బాగుండేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకటే షరతు. వాళ్లకు తత్వశాస్త్రం ముక్క కూడా తెలిసి ఉండకూడదు."

"మా షాపులో దానికి కొదవేముందండీ," అన్నాడు మాస్టారు. ఆనక కాజాలక్క వైపు చూపించాడు. రసీదు చీటీల మీద గుండ్రంగా, ముత్యాల్లా ఉండేది ఆమె రాతే.

"నాకేం తెలుసు," అంది ఆమె.

"అదే కావాలమ్మా," అన్నాడు సూపరింటెండెంటు.

పరీక్ష గదిలో ముందుగా ఒక కాగితం ఇచ్చారు. 'ఈ సబ్జెక్టు గురించి నాకేమీ తెలియదు. అభ్యర్థి చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఏ విధమైన సాయమూ చేయను.' కింద సంతకం. కాజాలక్క రెండో ఆలోచన లేకుండా పెట్టేసింది. తన జీవితాన్నే ఎవరో ఒక వాక్యంలో అచ్చువేసినట్టు అనిపించి, లోపలెక్కడో చిన్నగా చివుక్కుమంది కూడా.

ఆ చూపులేని ఆవిడకు ముప్పై దాటి ఉంటాయి. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఉద్యోగం చేసుకుంటూ ఎం.ఏ. కట్టింది. గొంతు మెత్తన, చెవులు మాత్రం మహా చురుకు, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. కుర్చీ జరిపిన చప్పుడు వినే "మీరు ఎడమచేత్తో పని చేస్తారు కదూ?" అంది. కాజాలక్క ఎడమచేతి వాటమే.

మొదటి ప్రశ్న చదివి వినిపించాక ఆపరేటరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. "ఉంది అంటే అర్థమేమిటి అని అడిగేది తత్వమీమాంస. రాయి ఉంది, నీడ ఉంది, నిన్న ఉంది, అంకె ఉంది. అన్నీ ఒకే రకంగా ఉన్నాయా?" కాజాలక్క రాసుకుంటూ పోయింది. రెండో పేజీ దాటాక చెయ్యి దాని మానాన అది రాస్తుంటే మనసు షాపుకు వెళ్లింది. కాజా అంటే ఏమిటి? గుడ్డ లేని చోటు. అంటే ఇన్నేళ్లుగా తాను కుడుతున్నది లేనిదాన్నా? లేనిదాని చుట్టూ అంచు కుడితే అది ఉన్నదైపోయి, గుండీని పట్టుకుని నిలబెడుతోందా?

ఆ సాయంత్రం అత్తగారి కాళ్లకు మందు రాస్తూ ఈ మాటే చెప్పింది. భర్త సరుకుల వ్యాను నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో మాట్లాడుకోవడానికి ఈ ఇద్దరే.

"చిల్లు ఉందో లేదో తేల్చడానికి కాలేజీ పెట్టారా?" అంది అత్తగారు. "నా చెవికున్న చిల్లుని అడిగితే చెప్పేది కదే." అని, రెండో కాలు ముందుకు చాపుతూ, "మళ్లీ ఎప్పుడు పిలుస్తారట?" అని అడిగింది.

మళ్లీ పిలిచారు. ఆపరేటరమ్మే ఆమె కావాలని అడిగి మరీ పిలిపించింది. మొదటి ఏడు అయిదు పేపర్లు, రెండో ఏడు అయిదు. పరీక్షకు గంట ముందే ఇద్దరూ కాలేజీ వరండాలో బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఫ్లాస్కులో టీ ఒకరిది, బిస్కెట్లు ఒకరివి. మూడో పేపరు నాటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆపరేటరమ్మ 'అక్కా' అనేది. కాజాలక్క 'అమ్మాయ్' అనేది.

"ఇంత కష్టపడి ఈ చదువెందుకమ్మాయ్? ఇది కూడు పెడుతుందా?" అని ఒకరోజు అడిగేసింది కాజాలక్క.

ఆపరేటరమ్మ టీ ఫ్లాస్కు మూత పట్టుకుని తిప్పుతూ కూర్చుంది.

"ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్లు ఏం అడుగుతారో తెలుసా అక్కా? మావాడు ఉన్నాడా, మీకు ఖాయంగా తెలుసా, ఇప్పుడు మమ్మల్ని ఏం చెయ్యమంటారు, ఉన్నది ఒక్క మంచమే అయితే ముందు ఎవరికిస్తారు... పొద్దున్నుంచీ ఇవే. ఒకసారి ఒక తల్లి చేసింది. కొడుకు మూడో వార్డులో ఉన్నాడు. వార్డుకు కలిపి సిస్టర్ని అడిగాను. 'ఉండండి' అని ఆగింది. ఆగినప్పుడు వెనకాల నవ్వు వినపడింది. బాగానే ఉన్నాడు కాబోలు అనుకున్నా. లైను మార్చి ఆ తల్లితో బాగానే ఉన్నాడమ్మా అనేశా."

"ఊఁ."

"సిస్టరు నవ్వింది పక్క మంచం పిల్లాడితో. ఆ తల్లి నా మాట నమ్మి పొద్దున బస్సు వదిలేసి సాయంత్రం బస్సెక్కింది. వచ్చేసరికి అయిపోయింది. పొద్దుటి బస్సుకు వచ్చుంటే చివరిచూపైనా దక్కేది." ఆమె గొంతు మారలేదు గానీ టీ మూత తిప్పడం ఆగింది. "నేను అబద్ధం చెప్పలేదక్కా. నాకు తెలుసనే అనుకున్నా. తెలుసనుకోవడానికీ తెలియడానికీ మధ్య అంత దూరముందని ఆరోజు తెలిసింది. ఆ దూరమేమిటో చెప్పే చదువేదైనా ఉందా అని వెతికితే ఇది దొరికింది."

కాజాలక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అంతకన్నా చెయ్యడానికేముంది?

"ఒకప్పుడు మాట కలిపేది మాలాంటివాళ్లమే," అంది ఆపరేటరమ్మ మూత ఫ్లాస్కుకు బిగిస్తూ. "ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోనే కదక్కా, అందరూ ఆపరేటర్లే. వచ్చిన మాటను వచ్చినట్టు అవతలికి కలిపేస్తున్నారు. కలిపేముందు 'నాకెలా తెలుసు' అని ఒక్క క్షణం ఆగేవాళ్లేరి?"

ఏదైనా తెలుసు అనాలంటే మూడు కావాలని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. అది నిజమై ఉండాలి, దాన్ని మనం నమ్మాలి, ఎందుకు నమ్ముతున్నామో చెప్పగలగాలి. మర్నాడే మాస్టారు ఫోను చూస్తూ, ఉల్లిపాయ జేబులో పెట్టుకుంటే జ్వరం రాదని ప్రకటించాడు. ఎప్పుడూ లేనిది కాజాలక్క సూది ఆపి, "మీకెలా తెలుసు మాస్టారూ?" అంది. మాస్టారు చేతిలోని కత్తెర గుడ్డ మధ్యలో నిలిచిపోయింది. ఆ గుడ్డ చొక్కా కావలసింది, చివరికి చేతిరుమాళ్లయింది.

ఇలా ఒక్కో పేపరూ ఆమెతో ఇంటికి వచ్చేది. సౌందర్యశాస్త్రం రాసిన వారం, కోటు లోపలి వైపు ఎవరూ చూడని కుట్టును అంత శ్రద్ధగా ఎందుకు వేస్తున్నానా అని తన చేతిని తనే చూసుకుంది. నీతిశాస్త్రం రాసిన రోజు బస్సులో సీటు దొరికితే, నిలబడ్డవాళ్లను కాదని ఇది నాకెందుకు దక్కాలి అని కూడా ఆలోచించింది. వయసు యాభైకి దగ్గర పడ్డాక, బడి మానేసిన ముప్పై ఏళ్లకు, ఏడాదికి అయిదు పూటల బడి దొరికింది. ఆ అయిదు పూటల కోసం మిగిలిన ఏడంతా ఎదురుచూసేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోవడానికి సిగ్గు.

రెండో ఏడు ఆ కాగితం మీద సంతకం పెట్టబోతూ పెన్ను పక్కన పెట్టింది.

"అమ్మాయ్, నాకు కొంచెం కొంచెం తెలుస్తున్నట్టుందే. ఏమీ తెలియదని రాసియ్యడం తప్పు కాదూ?"

"ఎందుకు నమ్ముతున్నావో చెప్పగలవా?" అంది ఆపరేటరమ్మ నవ్వుతూ.

"నాకేం తెలుసు!"

"అయితే సంతకం పెట్టు."

అలా రెండో ఏడు పేపర్లూ ఒక్కొక్కటే గడిచాయి. చివరిది తర్కశాస్త్రం. ఆ పేపరు మీద చాలా ఆధారపడి ఉంది. అదే కాలేజీలో తత్వశాస్త్రం లెక్చరరు ఉద్యోగం ఖాళీ అయింది. నూటికి యాభై అయిదు వస్తేనే దరఖాస్తు పెట్టనిస్తారు. ఆపరేటరమ్మ మార్కులు అటూ ఇటూగా ఉన్నాయి. పైగా తోటి ఆపరేటరు సెలవు పెట్టడంతో వరసగా రెండు డ్యూటీలు చేసి, అటునుంచి అటే వచ్చింది. చేతికర్రను గోడకు ఆనించబోయి జారవిడిచింది. అలా జరగడం కాజాలక్క ఎన్నడూ చూడలేదు.

నాలుగో ప్రశ్నకు పది మార్కులు. కింది వాదన సరైనదేనా, వివరించండి. వాన పడితే నేల తడుస్తుంది. నేల తడిసింది. కాబట్టి వాన పడింది.

"రాయి అక్కా," అంది ఆపరేటరమ్మ, కణతలు నొక్కుకుంటూ. "ఈ వాదన సరైనదే. ఎందుకంటే..."

పెన్ను ఆగిపోయింది.

ఆపాలని ఆపలేదు. ఇదే ఉదాహరణ పోయినేడు బెంచీ మీద తనకు చెప్పింది ఈ అమ్మాయే. నేల తడవడానికి వాన ఒక్కటే కారణమా, ఎవరైనా నీళ్లు ఒలకబొయ్యొచ్చు కదా అని. షాపులో ఇస్త్రీ నీళ్ల సీసా దొర్లి నేలంతా తడిసిన రోజున కప్పు కారుతోందని మాస్టారు నిచ్చెన వేయించాడు కూడా. వాదన తప్పు. ఎందుకు తప్పో కాజాలక్క చెప్పగలదు. మూడూ ఉన్నాయి.

పెన్ను ఆగింది రెండు క్షణాలే. కానీ అవతల వింటున్నది ఎవరు! ఆపరేటరమ్మ వేళ్లు కణతల మీంచి మెల్లగా దిగాయి. ముఖంలో ఒక వెలుగు వచ్చింది, వచ్చినంత త్వరగానూ పోయింది.

"ఎందుకాగావక్కా?"

"పెన్ను... సరిగ్గా రావట్లేదు," అంది కాజాలక్క తేలు కుట్టిన దొంగలా.

తలుపు దగ్గర ఇన్విజిలేటరు తల కూడా ఎత్తలేదు.

"వస్తోందిలే. నేను చెప్పిందే రాయి. ఈ వాదన సరైనదే."

రాసింది. తప్పని తెలిసి తెలిసి, గుండ్రని అక్షరాల్లో, పేజీన్నర. చివర్లో జవాబులన్నీ చదివి వినిపించాలి, అది పద్ధతి. నాలుగోది కాగితం మీంచి తల ఎత్తకుండా చదివింది. ఆపరేటరమ్మ "తరువాతిది" అని మాత్రం అంది.

వరండాలోకి వచ్చాక కాజాలక్క తట్టుకోలేకపోయింది. "నీకు తెలిసిపోయింది కదమ్మాయ్, దిద్దుకుంటే ఏం పోయేది? ఎవరు చూశారు?"

"నేనైతే చూళ్లేదు," అంది ఆపరేటరమ్మ. ఆ మాటకు తనే నవ్వింది, అయితే నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "నువ్వు ఆగినప్పుడు తెలిసిందక్కా. అంటే అది నాకు తెలిసినట్టు కాదు, నీకు తెలిసినట్టు. అవతలివాళ్లు ఆగిన తీరును బట్టి నేను ఒకసారి జవాబు చెప్పాను. ఇంకోసారి చెప్పను."

ఫలితాలు వచ్చాయి. రెండు మార్కుల్లో పోయింది. ఉద్యోగం వేరెవరికో వెళ్లింది.

ఆ రెండు మార్కులు కాజాలక్క గుండెలో ముల్లులా దిగాయి. ఎందుకంటే ఒక సంగతి ఆమెకొక్కతికే తట్టింది. తన చెయ్యి ఆగకుండా ఉంటే, చివర్లో చదివి వినిపించినప్పుడు ఆ అమ్మాయి తప్పు తనంతట తానే పట్టుకునేది. అలా ఎన్నోసార్లు పట్టుకుంది. తన చెయ్యి ఆగడంతో ఆ అవకాశం కూడా పోయింది. సాయం చేద్దామని కాదు, చెడగొడదామని కాదు, కేవలం తెలిసి ఉండటం వల్ల.

"తెలియనిదాన్ని తెలుసనడం గొప్పలకు పోవడం," అంది అత్తగారు అంతా విని. "తెలిసినదాన్ని తెలియదనడం అబద్ధం. మనింట్లో మొదటిది ఎప్పుడూ లేదు. రెండోది నువ్వు తెచ్చిపెట్టావు." అలా అంటూ పట్టుకున్న కోడలి చెయ్యి మాత్రం వదల్లేదు ఆ ముసలావిడ.

కాజాలక్క మొదటిసారి ఆపరేటరమ్మ పనిచేసే ఆసుపత్రికి వెళ్లింది. మెట్ల కింద చిన్న గది, ఒక బల్ల, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను, గోడ కొక్కేనికి వేలాడే చేతికర్ర. ఆపరేటరమ్మ ఎవరికో చెబుతోంది. "నాకు తెలియదండీ. తెలుసుకుని చెబుతాను. అయిదు నిమిషాలు లైన్లో ఉంటారా?" ఆ 'తెలియదు' వింటే అవతల మనిషికి భయం వేయదు, ధైర్యం వస్తుంది. అలా చెప్పింది.

"మళ్లీ రాస్తానక్కా వచ్చే ఏడు," అంది లైను వదిలాక, ఎవరొచ్చారో అడగకుండానే. "ఇంకో కాలేజీలో ఇంకో ఉద్యోగం రాకపోదు."

"నేను రాయనమ్మాయ్."

ఆపరేటరమ్మ ముఖం చిన్నబోయింది. "కోపమొచ్చిందా?"

"నీ మీద కోపమా? ఆ సంతకం పెట్టలేనే. ఇప్పుడు అడిగితే ఎందుకో చెప్పగలను." ఇంకా చెప్పాలనుకుంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాదికి అయిదు పూటల బడి. దాన్ని తనే మానేస్తోంది, ఈసారి తల్లి జబ్బు చేసి కాదు.

"మరి నా చెయ్యి?" అంది ఆపరేటరమ్మ చిన్నపిల్లలా.

"మాస్టారున్నాడుగా. ఆయన అర్హతకు సాటి ఎవరు?"

ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు. ఫోను మోగుతున్నా రెండు మోతల దాకా ఎత్తలేకపోయింది ఆపరేటరమ్మ.

మాస్టార్ని ఒప్పించడం మాత్రం ఆషామాషీగా జరగలేదు. రాయడానికి ఆయన సిద్ధమే, ఆ సంతకం దగ్గరే పేచీ. "ఏమీ తెలియదని నేను రాసియ్యాలా? ఊళ్లో నా పరువేం కాను?" అన్నాడు. "ఒక్క సబ్జెక్టే కదా మాస్టారూ, మిగిలినవన్నీ మీకే వదిలేశారు," అని సముదాయించింది. రెండు నెలలు, కుట్టుపని లేని వేళల్లో, తన కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుని రాయించింది. అర్థం చేసుకోవద్దు, ఆగొద్దు, ఆశ్చర్యపోవద్దు. ఆయనకు మూడోదే కష్టమైంది.

పరీక్ష రోజు ముగ్గురూ కలిసి వెళ్లారు. సూపరింటెండెంటు అలవాటు కొద్దీ కాగితాన్ని కాజాలక్క ముందుకే జరిపాడు.

"సంతకం పెట్టండమ్మా, టైమవుతోంది."

"నేను కాదండీ, ఈసారి ఈయన రాస్తారు."

"అదేంటి? ఎప్పుడూ మీరేగా? మీ రాత చూసి దిద్దేవాళ్లు కూడా మెచ్చుకున్నారు. ఏమైంది?"

ఊతపదం నాలుక చివరిదాకా వచ్చింది. ముప్పై ఏళ్ల అలవాటు, ఊరికే పోతుందా? కాజాలక్క కాగితం మీద అచ్చువేసిన మొదటి వాక్యాన్ని ఒకసారి చదువుకుంది. దాన్ని మాస్టారి వైపు తిప్పిపెట్టింది.

"నేను పెట్టకూడదండీ," అంది. "నాకు తెలుసు."

పక్కనున్న ఆపరేటరమ్మ చెయ్యి గాలిలో వెతుక్కుంటూ వచ్చి ఆమె చేతిని అందుకుంది. సూది పోట్లతో గట్టిపడ్డ వేలికొనను ఒకసారి తడిమి, నొక్కి, వదిలింది. ఆనక మాస్టారి మోచెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లింది. కాజాలక్క టీ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, తలుపుకు దగ్గరగా ఉన్న బెంచీ మీద కూర్చుంది.